ముప్పై మూడో రూలు

"అందరూ సంతకం పెట్టారు," అన్నాడు మేజర్. "పేజీకో సంతకం. తర్వాత నాకు తెలియదంటే కుదరదని మొదటి రోజే చెప్పాను."

అతను అందించిన పుస్తకం అరచేతిలో ఇమిడేంతే ఉంది. అట్ట మీద జట్టు చిహ్నం, దాని కింద 'టోర్నమెంటు కాలంలో ఆటగాళ్ల ప్రవర్తనా నియమావళి' అన్న అక్షరాలు. లోపల ముప్పై మూడు రూళ్లు. భోజనాల బల్ల దగ్గర టోపీ పెట్టుకోరాదు అన్నది నాలుగోది. రిఫరీ తీర్పు మీద బయట నోరు మెదపరాదు అన్నది తొమ్మిదోది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా విశ్రాంతి వేళ, ఎవరూ గది దాటరాదు అన్నది పద్నాలుగోది. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్లు అప్పగించాలి, వాటికోసం మేజర్ ఒక్కడే గది గదికీ వస్తాడు అన్నది ఇరవయ్యోది. అత్తగారి ఆరళ్లలా ఒకదాని వెనక ఒకటి సాగి సాగి, చివరి పేజీలో ముప్పై మూడోది ఉంది: తప్పు చేసినవాడికి ఏ శిక్షో, తప్పు చూసి చెప్పనివాడికీ అదే శిక్ష.

"ఇది మీరు రాసిందేనా?" అంది డిటెక్టివ్.

"నేనే. సైన్యంలో నేర్చుకున్నది, జట్టు మేనేజరుగా ఇక్కడ పెట్టాను. అందరూ ఒకళ్లమీద ఒకళ్లు కన్నేసి ఉంచితే కాపలావాడి అవసరమే ఉండదు."

"మరి నిన్న కాపలా ఎటు పోయింది?"

మేజర్ మీసం ఒక పక్క కొద్దిగా కదిలింది, అంతే.

డిటెక్టివ్‌కి యాభై రెండేళ్లు. పోలీసు శాఖలో ఇరవై ఆరేళ్లు చేసి, ఇప్పుడు టోర్నమెంటు క్రమశిక్షణ సంఘం తరఫున విచారణలు చేస్తోంది. ఎవరిని ఏమడిగినా చివరికి 'అప్పుడు టైమెంత' అని తేల్చుతుంది కాబట్టి వెనకాల అందరూ ఆవిడని గడియారం అంటారు. ముందు మాత్రం మేడం. ఆ పేరు సంగతి ఆవిడకి ఏనాడో తెలుసు, పట్టించుకోదు. ఇంతకన్నా పాడు పేర్లతో రిటైరైన వాళ్లని ఆవిడ చాలామందిని చూసింది.

ఇప్పుడు టైము తొమ్మిదీ ఇరవై. పన్నెండింటికి సంఘం కూర్చుంటుంది. రేపు సెమీఫైనల్.

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పచ్చు. జట్టంతా బాబాయ్ అని పిలుచుకునే మసాజ్ చేసే పెద్దాయన నిన్న మధ్యాహ్నం మూడూ యాభైకి ఈ మసాజ్ గదిలో నెత్తురు మడుగులో కనిపించాడు. చూసింది మేజర్. కణత బల్ల ఇనుప అంచుకి కొట్టుకుంది. ఎవరో బలంగా తోస్తే తప్ప అలా తగలదని హాస్పిటల్ డాక్టరు అన్నాడు. బాబాయ్‌కి ఇంకా స్పృహ రాలేదు. బల్ల కింద గోల్‌కీపర్ గ్లవ్స్ దొరికాయి, ఇంకా తడిగా. మూడూ యాభై ఐదుకి వెనక మెట్ల మీద గోల్‌కీపరే దొరికాడు. విశ్రాంతి వేళ గది దాటి అక్కడేం చేస్తున్నావంటే నోరు విప్పలేదు. ఇప్పటికీ విప్పడం లేదు.

"కొండను తవ్వక్కర్లేదు మేడం," అన్నాడు మేజర్. "వాడు గది దాటాడు. బాబాయ్ చూశాడు. చూసి చెప్పకపోతే బాబాయ్‌కీ శిక్షే. చెప్తానన్నాడు, వీడు తోశాడు. పన్నెండింటికి మీరు ఒక్క సంతకం పెడితే మూడింటి విమానానికి వాణ్ణి నేనే దగ్గరుండి ఎక్కిస్తాను. అక్కడ దిగ్గానే పోలీసులు చూసుకుంటారు."

"గ్లవ్స్ ఎందుకు తీసుకొచ్చాడు?"

"వేలిముద్రలు పడకుండా."

"తడి గ్లవ్స్‌తోనా?"

"ఉన్నవి వేసుకున్నాడు."

గడియారం గది చూడటం మొదలుపెట్టింది. పది అడుగులు ఒక పక్క, పన్నెండు ఒక పక్క. మధ్యలో ఆరడుగుల మసాజ్ బల్ల, తల వైపు ముఖం పెట్టుకోవడానికి గుండ్రటి కన్నం. గోడకి తువ్వాళ్లు వేడిచేసే పెట్టె, నూనె సీసాలు వరసగా. ఒక సీసాకి మూత లేదు. బల్ల చివర పెద్ద కాగితపు చుట్ట ఉంది. ఒక్కో మనిషికి ఒక్కో పొడుగాటి ముక్క చింపి బల్ల మీద పరిచి, పని అయ్యాక పారేయడం బాబాయ్ పద్ధతి. గోడ మీద బాబాయ్ చేతిరాతతో నిన్నటి వరస: పొద్దున ఆరుగురు, సాయంత్రం ఐదుగురు. రెండుకీ నాలుగుకీ మధ్య గీత తప్ప పేరు లేదు.

ఆవిడ వంగి చెత్తబుట్ట చూసింది.

"అందులో ఏముంటుంది మేడం," అన్నాడు మేజర్.

"బుట్ట ఎన్నింటికి ఖాళీ చేస్తారు?"

"హోటల్ వాళ్లు ఒంటిగంటకి. రోజూ."

"నిన్న చేశారా?"

"చేశారు. నేనే తాళం తీశాను. ఆ తర్వాత ఇక్కడ ఎవరికీ పనిలేదు. ఒకటి నుంచి రెండు భోజనాలు, రెండు నుంచి విశ్రాంతి."

"మరి ఇదెవరిది?"

ఉండచుట్టిన కాగితం ఒకటి ఆవిడ చేతిలో ఉంది. బల్ల మీద పరిచి మడతలు సాపు చేసింది. నూనె పీల్చి అక్కడక్కడ అద్దంలా అయింది. పైన తల వెనక భాగం ఆనిన గుర్తు, కింద రెండు మడమల గుర్తులు. జేబులోంచి టేపు తీసి తల గుర్తు నుంచి మడమల దాకా కొలిచింది. ఐదడుగుల ఆరంగుళాలు. నడుము కింద కుడి పక్కన ఆవగింజంత నెత్తుటి చుక్క, చుట్టూ గోధుమరంగు అంచు.

"మీ గోల్‌కీపర్ ఎత్తెంత?"

"ఆరడుగుల నాలుగు."

"ఈ బల్ల మీద పడుకుంటే అతని కాళ్లు బయట వేలాడాలి. నిన్న ఒంటిగంట తర్వాత ఇక్కడ పడుకున్నవాడు బల్ల మీద చక్కగా సరిపోయాడు." ఆవిడ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. "అంటే విశ్రాంతి వేళ గది దాటినవాడు ఒక్కడు కాదు, ఇద్దరు. మీ రూళ్ల పుస్తకానికి చిల్లు పడింది మేజర్ గారూ."

మేజర్ చూపు ఆ సంచి మీదే ఉంది. చుక్క గురించి మాత్రం ఏమీ అడగలేదు. అడగకపోవడాన్ని గడియారం గుర్తుపెట్టుకుంది.

* * *

ఆటగాళ్ల బట్టలూ బూట్లూ చూసుకునే కిట్ మనిషి లాండ్రీ గదిలో ఉన్నాడు. అరవై దాటిన బక్కపలచటి మనిషి. నలభై జతల బూట్ల మధ్య చిన్న స్టూలు వేసుకుని కూర్చుని, బూటు అడుగున ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకుతున్నాడు. నోట్లో నువ్వుగింజ నానదని అతని మీద పేరు. అది ఇవాళ గడియారానికి కలిసొచ్చింది.

"ఆ పిల్లాడు బాబాయ్ మీద చెయ్యి వేశాడంటే నేను నమ్మనమ్మా," అన్నాడు ఆవిడ కూర్చోకముందే. "వాడికి బాబాయ్ అంటే ప్రాణం. పొద్దున్నే టీ వీడే పట్టుకెళ్లి ఇచ్చేవాడు."

"గోల్‌కీపర్ గ్లవ్స్ మీరే ఉతుకుతారా?"

కిట్ మనిషి నవ్వాడు. "నేను ముట్టుకుంటే ఊరుకుంటారా. ఇల్లాలు పోపులపెట్టె ఎవరికైనా ఇస్తుందా చెప్పండి. గోల్‌కీపర్ల గ్లవ్స్ గోల్‌కీపర్లే చూసుకుంటారు. చేతులకి తొడుక్కునే, పంపు కింద పెట్టి, చేతులు కడుక్కున్నట్టే కడుగుతారు. పిండరు. అరచేతి వైపు రబ్బరు ఉంటుంది చూశారా, అది తడిగా ఉన్నప్పుడు పసిపిల్ల చర్మం లాంటిది. విడివిడిగా ఆరేస్తారు, అరచెయ్యి పైకి."

"రెండూ కలిపి పెడితే?"

"అరచెయ్యీ అరచెయ్యీ కలిపా?" అతని ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "అతుక్కుపోతాయమ్మా. ఆరాక విడదీస్తే పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఇక ఆ గ్లవ్స్‌తో నిమ్మకాయ కూడా పట్టుకోలేరు. గోల్‌కీపర్ అన్నవాడు నిద్రలో కూడా ఆ పని చెయ్యడు."

"ఎవరు చేస్తారు?"

"తెలియనివాడు ఎవడైనా చేస్తాడు." పుల్లతో వరసగా ఉన్న బూట్లు చూపించాడు. "మా ఆటగాళ్లయితే మరీను. ఇరవై ఆరో రూలు చదివారా? అది మేజర్ గారి చేత నేనే పట్టుబట్టి రాయించాను. బూట్లు తెచ్చి ఇచ్చేటప్పుడు అడుగూ అడుగూ కలిపి, లేసుతో రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి ఇవ్వాలి. లేకపోతే నలభై జతల్లో ఎవడి ఎడమ కాలిది ఎవడి కుడి కాలికి పోతుందో దేవుడికే తెలియాలి. మూడు వారాలుగా రోజుకి రెండుసార్లు కట్టి కట్టి, ఇప్పుడు ఏ జత చేతికిచ్చినా అలాగే కట్టేస్తున్నారు. మొన్న ఒకాయన హవాయి చెప్పులు కట్టి తెచ్చాడు."

గడియారం ఒక జత చేతిలోకి తీసుకుంది. అడుగూ అడుగూ కలిసి, నడుముకి రెండు చుట్లు. కొస లోపలికి దోపి ఉంది.

"గోల్‌కీపర్ కూడా బూట్లు ఇలాగే కడతాడుగా?"

"బూట్లు కడతాడు. గ్లవ్స్ కట్టడు. మామూలుగా ఆడేవాడికి ఆ తేడా తెలియదు, వాళ్లకి చేతులతో పనేముంది."

"నిన్న విశ్రాంతి వేళ మీరెక్కడున్నారు?"

"ఇక్కడే, మిషన్ల దగ్గర. మూడున్నర ప్రాంతంలో కారిడార్‌లో ఎవరో గబగబా నడిచిన చప్పుడైంది. వెళ్లి, మళ్లీ వచ్చారు. చూడలేదు." అతను మళ్లీ బూటు అందుకున్నాడు. "చూడకపోవడమే మంచిదమ్మా. చూస్తే చెప్పాలిగా. ఈ చివరి రూలు వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ అందరం నేల చూసుకునే నడుస్తున్నాం."

* * *

మేజర్ తన గదిలో గ్లవ్స్‌ని ప్లాస్టిక్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పక్కపక్కన, అరచేతులు పైకి. రెంటి మీదా రబ్బరు పొర లేచిపోయి ఉంది. ఎడమదాని ముక్క కుడిదానికి, కుడిదాని ముక్క ఎడమదానికి అంటుకుని ఉన్నాయి.

"దొరికినప్పుడు ఇలాగే ఉన్నాయా?" అంది గడియారం.

"రెండు గ్లవ్స్ దొరికాయని రిపోర్టులో రాశానుగా."

"నేనడిగింది ఎలా ఉన్నాయని."

"కలిసి ఉన్నాయి. మణికట్టు పట్టీ చుట్టి ఉంది. సంచిలో వేసి బీరువాలో పెట్టాను. పొద్దున ఫొటోకోసం విడదీశాను. కాస్త అతుక్కున్నాయి, లాగాల్సి వచ్చింది."

"పట్టీ ఎన్ని చుట్లు?"

"అది కూడా లెక్కపెట్టాలా?"

"విప్పింది మీరే కదా."

మేజర్ విసుగ్గా గాల్లో చెయ్యి తిప్పి చూపించాడు, ఒకసారి, రెండుసార్లు, చివర బొటనవేలితో లోపలికి నొక్కుతున్నట్టు. సగంలో అతని చెయ్యి ఆగిపోయింది. తన రూలు తన చేతిమీదే కనిపించింది కాబోలు.

"సాక్ష్యాన్ని చేజేతులా చింపారు," అంది గడియారం. గొంతు పెంచలేదు. "అయినా మంచిదే. చినిగింది కాబట్టే కలిసి ఆరాయని తెలిసింది. గొడవపడి, మనిషిని తోసేసి పారిపోయేవాడు ఆగి గ్లవ్స్ విప్పి, పట్టీ చుట్టి, కొస దోపి పెట్టి వెళ్తాడా? పోనీ గోల్‌కీపర్ అంత నెమ్మదైనవాడే అనుకుందాం. ఆ కలపడం మాత్రం వాడు కలపడు. నాలాంటిదో మీలాంటివాళ్లో అయితే కలుపుతారేమో కానీ బూట్ల కట్టు కట్టరు. ఇవి వేరేవాళ్లు తెచ్చి పడేసినవి. తెచ్చినవాడు మీ ఆటగాడు, గోల్‌కీపర్ కానివాడు."

"ఇది మీ ఊహ."

"తలుపు రికార్డు ఇవ్వండి, ఊహో కాదో చూద్దాం."

గది తలుపులు కార్డుతో తెరుచుకుంటాయి. బయటి నుంచి తెరిస్తే కంప్యూటర్‌లో టైము పడుతుంది, లోపలి నుంచి వెళ్తే పడదు. గోల్‌కీపర్ గది తలుపు నిన్న రెండుకీ నాలుగుకీ మధ్య ఒక్కసారే బయటి నుంచి తెరుచుకుంది. మూడూ ముప్పై ఒకటికి.

"వాడే వచ్చి గ్లవ్స్ తీసుకుని మళ్లీ వెళ్లాడు," అన్నాడు మేజర్.

"ఆ గదికి కార్డులెన్ని?"

"రెండు."

"రెండోది ఎవరి దగ్గర ఉంటుంది?"

మేజర్ బీరువా తాళం వేసుకుంటూ వీపు తిప్పాడు. "మేడం, రేపు సెమీఫైనల్. గోల్‌కీపర్ లేకపోతే ఇంకో గోల్‌కీపర్ ఉన్నాడు. మిగతా పదిమందిని మాత్రం కదిలించకండి. పదిహేనేళ్లకి ఇంతదాకా వచ్చాం. మీరు చింపుతున్నది గ్లవ్స్ కాదు."

"రెండో కార్డు ఎవరిదని అడిగాను."

"కెప్టెన్‌ది," అన్నాడు అతను గోడకేసి చూస్తూ. "ఇద్దరూ ఒకే గది. కెప్టెన్ వాడికి సొంత బావ. అక్క మొగుడు. సొంత బావమరిది మీద ఎవడైనా నింద వేస్తాడా? ఆ మాట ఇంకెక్కడా అనకండి, నవ్విపోతారు."

* * *

గోల్‌కీపర్‌ని చిన్న మీటింగు గదిలో కూర్చోబెట్టారు. పదకొండూ ఐదు. ఇరవై మూడేళ్లవాడు. ముందున్న ఇడ్లీల పళ్లెంలాంటి చదును ముఖం, అలసిపోయిన కళ్లు. ఇంతంత పొడుగు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. రాత్రంతా నిద్రపోలేదని చూడగానే తెలుస్తోంది.

"నీకు యాభై ఐదు నిమిషాలుంది," అంది గడియారం. "పన్నెండింటికి నేను సంతకం పెడితే నువ్వు ఇంటికి. జీవితంలో మళ్లీ గోలు ముందు నిలబడలేవు. బాబాయ్‌కి జరగరానిది జరిగితే జైలు కూడా. అది తెలుసా?"

"తెలుసు మేడం."

"తెలిసీ మాట్లాడవు."

అతను తల దించుకున్నాడు.

ఆవిడ సంచిలోంచి గ్లవ్స్ తీసి ముందు పెట్టింది. అతను వాటిని చూశాడు. నిన్నటి నుంచి మొదటిసారి ముఖంలో కోపం వచ్చింది.

"ఎవరు చింపారు వీటిని?"

"విడదీసింది మేజర్. అతుక్కునేలా పెట్టింది ఇంకొకరు. వీటిని నువ్వు చివరిసారి ఎప్పుడు చూశావు?"

"నిన్న పన్నెండున్నరకి కడిగి బాత్‌రూమ్‌లో ఆరేశాను. అరచెయ్యి పైకి." చినిగిన పొరని వేలితో మెల్లిగా సర్దబోయాడు, అది నిలవలేదు. "అతుక్కునేలా అంటే?"

"అరచేతులు రెండూ కలిపి, పట్టీ రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి."

అతని వేలు ఆగిపోయింది. ఆవిడ తొందరపెట్టలేదు. మనిషి నమ్మకం ఒకటి లోపల కూలుతున్నప్పుడు పక్కనుంచి మాట్లాడకూడదు.

"మూడూ ముప్పై ఒకటికి మీ గది తలుపు కార్డుతో తెరుచుకుంది," అంది చివరికి. "నీ కార్డు ఎక్కడుంది అప్పుడు?"

"నా జేబులో. నేను మెట్ల మీద ఉన్నాను."

"రెండో కార్డు?"

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ చేతుల వెనక ముఖమంతా మాయమైపోయింది. గడియారానికి జాలేసింది. జాలి వేసినా టైము చూసుకుంది. పదకొండూ పద్నాలుగు.

"అక్క పెళ్లప్పుడు నాకు పద్నాలుగేళ్లు," అన్నాడు చేతుల వెనక నుంచే. "పెళ్లికొడుకు అందరికీ బట్టలు పెట్టాడు. నాకు మాత్రం గ్లవ్స్ కొనిచ్చాడు. వీడు ఏదో ఒకరోజు నా వెనక నిలబడతాడు చూడండి అన్నాడు. నా మొదటి గ్లవ్స్ అవి."

"నిన్న ఏం జరిగింది?"

"రెండూ నలభైకి బావ లేచాడు. కాలు లాగేస్తోంది, బాబాయ్ దగ్గరికి వెళ్లొస్తా, ఎవరితో అనకు అన్నాడు. మూడు దాటినా రాలేదు. నాలుగింటికి మేజర్ చూడ్డానికి వస్తాడు. పట్టుబడతాడేమోనని పిలవడానికి వెళ్లాను. తలుపు బయటే ఆగిపోయాను. లోపల బాబాయ్ అరుస్తున్నాడు. ఆయన అరవగా నేనెప్పుడూ వినలేదు."

"టైమెంత?"

"మూడూ పదిహేను. పదహారు కావచ్చు."

"ఏమని అరుస్తున్నాడు?"

"ఇది సూది గుర్తురా, నలభై ఏళ్లుగా ఒళ్లు పడుతున్న చేతులివి, నాకు తెలియదా అన్నాడు. నాలుగింటికి సంఘం వాళ్లకి చెప్పేస్తాను, తిట్టుకుంటే తిట్టుకో, చావకుండా ఉంటే అదే చాలు అన్నాడు. బావ బతిమాలుతున్నాడు. నేను వెళ్లి మెట్ల మీద కూర్చుండిపోయాను. తోయడం నేను చూడలేదు మేడం. చూడలేదు కానీ తెలుసు." చేతులు దించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గ్లవ్స్ దొరికాయన్నారు. బాబాయ్ ఏదో కుట్టిపెట్టడానికి తీసుకెళ్లాడేమో అనుకున్నాను. బావ తెచ్చి పడేశాడని అనుకోలేదు. అక్కకి ఏం చెప్పాలి నేను?"

"ముందు నాకు చెప్పు. ఆ సూది దేనికి? నిషేధించిన మందేనా?"

"అవును. అలసట తెలియదట, నొప్పి తెలియదట. క్వార్టర్ ఫైనల్ ముందు మొదలుపెట్టారు."

"మొదలుపెట్టారంటున్నావు. మీ బావ ఒక్కడికేగా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "పరుగెత్తే పదిమందికీ. నన్నూ అడిగారు. నేను నిలబడేవాణ్ణి, నాకెందుకు అన్నాను. నవ్వి ఊరుకున్నారు. ఆ తర్వాత నేను గదిలోకి వస్తే మాటలు ఆపేసేవాళ్లు."

గడియారం పెన్ను కింద పెట్టింది. బాబాయ్ నోరు విప్పితే పోయేది ఒక్క కెప్టెన్ కాదు, జట్టు జట్టంతా. బలికి ఒకడు కావాలంటే సూది పడనివాడే మిగిలాడు.

"నువ్వు తెలిసీ చెప్పలేదు," అంది. "నువ్వు చెప్పింది రాసిన ఈ కాగితం మీద సంతకం పెడితే బాబాయ్ కేసులోంచి బయటపడతావు. ముప్పై మూడో రూలు కింద మాత్రం నీకూ అదే శిక్ష పడచ్చు. రేపు ఆడవు. బహుశా ఎన్నడూ ఆడవు."

"పెన్ను ఇవ్వండి," అన్నాడు అతను.

సంతకం పెట్టాడు. పదకొండూ ఇరవై ఎనిమిది.

"ఇంకొక్కటి. మీ డాక్టరేనా ఇచ్చింది?"

"డాక్టర్‌కి అసలు తెలియదు. డాక్టర్ ఒక గదికి వచ్చాడంటే పక్క గదివాళ్లంతా చూస్తారు. రోజూ అన్ని గదులకీ రాగలిగేవాడు ఒక్కడే ఉన్నాడు మేడం. సాయంత్రం ఏడింటికి, ఫోన్ల పెట్టె పట్టుకుని."

తలుపు తట్టిన చప్పుడైంది. జవాబు కోసం ఆగకుండా మేజర్ లోపలికి వచ్చాడు. ముఖం ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది. బల్ల మీది కాగితం, దాని కింద సంతకం, పిల్లాడి కళ్లు, అన్నీ ఒక్క చూపులో చూసుకున్నాడు.

"శుభవార్త మేడం. బాబాయ్ కళ్లు తెరిచాడట. హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది."

"ఎప్పుడు?"

"ఇరవై నిమిషాలైంది."

"నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"విచారణలో ఉన్నారు కదా, మధ్యలో రావడం పద్ధతి కాదని ఆగాను." మేజర్ చేతి గడియారం సర్దుకున్నాడు. "పెద్దాయన ఒంటరిగా ఉన్నాడు, జట్టు తరఫున ఎవరైనా ఉండాలిగా. కెప్టెన్‌ని పంపించాను. మ్యాచ్ ముందు రోజు ఎవరూ హోటల్ దాటకూడదన్న రూలు ఉంది, నిజమే. ఈ ఒక్కసారికి సడలించాను."

గోల్‌కీపర్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

గడియారం అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. నాలుగో రింగుకి వార్డులో నర్సు ఎత్తింది. ఆ పిల్ల గొంతు నిండా సంబరం.

"ఆ, వచ్చారండీ, కెప్టెన్ గారే వచ్చారు. మా అందరితో ఫొటోలు దిగారు. ఎంత మంచాయనో."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పెద్దాయన గదిలో. ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడుకోనివ్వమన్నారు. జనం ఎగబడుతున్నారని లోపల గొళ్లెం పెట్టుకున్నారు. బయటికి రాగానే మా తమ్ముడికి ఆటోగ్రాఫ్ ఇస్తానన్నారు."

"ఆ తలుపు కొట్టు. ఫోను పట్టుకునే వెళ్లి కొట్టు. ఇప్పుడే."

అడుగుల చప్పుడు. తలుపు మీద వేళ్ల చప్పుడు, మొదట మర్యాదగా, తర్వాత గట్టిగా, ఆ తర్వాత అరచేత్తో. నర్సు రెండుసార్లు సార్ అని పిలిచింది. మూడోసారి పిలిచేటప్పటికి ఆ గొంతులో సంబరం లేదు.

"పలకడం లేదండీ," అంది.